ఈ గడి ఎవరి కోసం?

సాయం కోసం వచ్చిన మనిషిని ఏమేం అడగొచ్చు? ఈ సెమిస్టర్ సెలవుల దాకా నాకు తట్టని ప్రశ్న ఇది. ఉత్తర చెన్నైలో ఒక స్వచ్ఛంద సంస్థలో వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాక నాకు తోచిన జవాబు: చేయబోయే సాయానికి ఎంత కావాలో అంతే. మీలో కొందరు దీనికి ఒప్పుకోరు, తెలుసు. అందుకే రాస్తున్నా.

సంస్థ పేరు చెప్పను. మంచివాళ్ళే. పిల్లలకి సాయంత్రం ట్యూషన్, పెద్దవాళ్ళకి కంటి పరీక్షలు, కళ్ళజోళ్ళు. వచ్చేవాళ్ళలో చాలామంది పారిశుద్ధ్య పనుల్లో ఉన్న కుటుంబాలవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాది తెలుగు డిపార్ట్‌మెంట్ అనగానే "అయితే పేర్లు నువ్వు చూడమ్మా" అని ఒక ఎక్సెల్ ఫైలు అప్పగించారు. డేటా పని అంటే ఏదో పెద్ద విద్య అనుకున్నాను గానీ, సోమ, మంగళవారాలు పేర్లు దిద్దడానికే సరిపోయాయి.

ఆ పేర్ల సంగతి కాస్త చెప్పాలి. కాగితం మీద తమిళంలో రాసుకుంటారు. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. గోవిందమ్మ అన్న పేరును ఒకరు తమిళంలో రాసి, ఇంకొకరు చూసి ఇంగ్లీషులో టైపు చేస్తే కోవిందమ్మ అవుతుంది. మరో క్యాంపులో అలవాటుగా చివర 'అమ్మాళ్' తగిలిస్తే గోవిందమ్మాళ్. ఉన్నది ఒక మనిషి, కంప్యూటర్ లెక్కలో ముగ్గురు. ఇంటిపేరు గడిది ఇంకో కథ. ఇక్కడ మనవాళ్ళు చాలామంది నాన్న పేరులో మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా పెట్టుకుంటారు. ఇంటిపేరు పెళ్ళి మాటలప్పుడు తప్ప బయటికి రాదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ 'లాస్ట్ నేమ్' ఖాళీగా వదలనివ్వదు. అందుకని ఒకరు భర్త పేరు కొట్టారు, ఒకరు ఊరి పేరు, ఒకరు ఉత్త చుక్క. పుట్టిన తేదీ తెలియనివాళ్ళందరూ జనవరి 1నే పుట్టారు. వయసులు చూస్తే 40, 45, 50, 60. ఆ పేటలో 43 ఏళ్ళ మనిషే లేనట్టు!

నవ్వు వస్తుంది నిజమే. కానీ ఒక మనిషి ముగ్గురైతే రిపోర్టులో 'లబ్ధిదారుల సంఖ్య' పెరుగుతుంది, కాబట్టి దిద్దడానికి ఎవరికీ తొందర ఉండదు. నేను ఒకే మనిషి పేర్లు కలుపుకుంటూ పోతే లిస్టు రెండు పేజీలు తగ్గింది. ఆఫీసులో అక్క కాసేపు చూసి "ఉన్నది అంతే కదా, ఉండనీ" అంది. ఆ మాట తేలికగా అనగలిగేది కాదు. ఆ సంఖ్య చూసి డబ్బిచ్చేది ఒక కంపెనీ. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. అలా ఇచ్చేవాళ్ళు లెక్క అడుగుతారు, అడగాలి కూడా. ఫారంలో ఒక్కో గడీ పెరిగేది అక్కడే.

బుధవారం క్యాంపులో ఆ ఫారం నా చేతికిచ్చారు. ముప్పై దాకా గడులు. కులం, మతం, భర్త సంపాదన, భర్తకి తాగుడు ఉందా, ఇల్లు సొంతమా, ఆధార్ నంబరు. కళ్ళజోడు ఇవ్వడానికి కావలసింది పేరు, వయసు, కంటి పవర్, జోడు తయారయ్యాక పిలవడానికి ఒక ఫోన్ నంబరు. అంతే కదా? వరసలో మా వెనక పదిమంది నిలబడి వింటుండగా ఒకావిడ అన్నిటికీ జవాబు చెప్పి, తాగుడు గడి దగ్గర ఆగింది. మెల్లిగా అడిగింది: "ఇది చెప్తేనే కళ్ళజోడు ఇస్తారా పాపా?"

చెప్పక్కర్లేదని అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? ఫారం నా చేతిలో ఉంది, కళ్ళజోడు నా వెనక బల్ల మీద ఉంది.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సందర్భానికే రాసినట్టుంటుంది. ఒప్పుకోలు స్వేచ్ఛగా, షరతు లేకుండా ఉండాలంటుంది. చెప్పిన పనికి అవసరమైన వివరాలకే అది వర్తిస్తుందంటుంది. వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోన్లోని కాంటాక్టులు అడిగితే, మనం సరే అన్నా అది చెల్లదని ఉదాహరణ కూడా ఇచ్చింది. 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఒప్పుకోలు అడిగే కాగితాన్ని ఇంగ్లీషులో గానీ, ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. అందులో తెలుగు ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. చిన్న సంస్థలు "అప్పుడు చూద్దాంలే" అనుకుంటున్నట్టున్నాయి.

అక్కతో వాదించాను. ఆమె మాటలో బలం ఉంది. "కులం అడక్కపోతే, ఎవరికి అందలేదో ఎలా తెలుస్తుంది? వెనకబడిన వాళ్ళకే మళ్ళీ అన్యాయం కాదా?" అంది. నిజమే. కానీ అది తెలుసుకోవడానికి పేరు పక్కనే కులం ఉండక్కర్లేదు. పేరు లేని చీటీ మీద రాయించి డబ్బాలో వేయిస్తే లెక్క తేలుతుంది, మనిషి బయటపడదు. తాగుడు సంగతికి ఆమె దగ్గరా జవాబు లేదు. పాత ఫారంలో ఉంది కాబట్టి కొత్తదాంట్లోనూ ఉంది.

మన డిపార్ట్‌మెంట్‌కి ఇందులో పని ఉంది, అందుకే ఇది గోడపత్రికకెక్కించాను. ఆ ఫారానికి తెలుగు ప్రతి ఒకటి ఉంది. అందులో 'వైవాహిక స్థితి', 'సమ్మతి', 'గోప్యత'. చదివి వినిపిస్తే వాళ్ళు నా మొహం చూశారు. పైగా అక్కడ చాలామందికి తెలుగు మాట రాయని, అక్షరం తెలియదు. బడిలో నేర్చుకున్నది తమిళం. కాబట్టి కాగితం అచ్చేసి చేతిలో పెడితే చాలదు, బిగ్గరగా చదివితే అర్థమయ్యే తెలుగు కావాలి. 'షరతులు లేని సమ్మతి' అన్నదాన్ని నేను ఇలా రాశాను: "వద్దనిపించినదానికి చెప్పనని అనండి, కళ్ళజోడు మాత్రం ఇస్తాం."

వచ్చే నెల ఫారంలో తాగుడు, భర్త సంపాదన గడులు తీసేస్తామన్నారు. కులం గడి కంపెనీని అడిగి చెప్తారట. నేను రాసిన ప్రతి డిపార్ట్‌మెంట్ బల్ల మీద పెట్టాను, పక్కనే పెన్సిల్ ఉంది. ఇంట్లో అమ్మమ్మలు మాట్లాడే మాట మీకు గుర్తొస్తే కొట్టేసి రాయండి. శుక్రవారం దాకా అక్కడే ఉంటుంది.