రేపటి పప్పు ఇవాళే చెప్పాలి

పోయిన ఎండాకాలం మా పెద్దోడు మమ్మల్ని అలాస్కా ఓడ ఎక్కించాడు. సియాటిల్‌లో ఎక్కితే వారం తిప్పి మళ్ళీ సియాటిల్‌లోనే దింపుతుంది. జూనో, స్కాగ్వే, కెచికాన్ ఊర్లు చూశాం, మంచుకొండలు చూశాం. ఆ ఫొటోలు మీకు మీ వాళ్ళే ఎవరో ఒకరు వాట్సాప్‌లో పంపే ఉంటారు కాబట్టి నేను మళ్ళీ వర్ణించను. నేను చెప్పేది ఓడలో రాత్రి భోజనాల దగ్గర విన్న ఒక మాట గురించి.

రెండో రోజు రాత్రి హెడ్ వెయిటర్ మా బల్ల దగ్గరకొచ్చి భోజనం ఎట్లుందని అడిగాడు. మా సారు కుర్చీలో కొంచెం ముందుకు వంగారు. ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఊరంతా సారు అంటుంది, నేనూ అదే అంటాను. ఆయన ఇంగ్లీషులో మెల్లగా అడిగారు: "మీకు ఇబ్బంది లేకపోతే, రేపు రాత్రికి కొంచెం పప్పు, అన్నం దొరుకుతుందా?"

మీకు ఇబ్బంది లేకపోతే!

పెళ్ళయి ముప్పై ఆరేళ్ళు. ఖిల్లా ఘణపూర్‌లో మా వంటింటి గడప దగ్గర నిలబడి ఈయన నన్ను పప్పు అడిగారు, పప్పులో పుంటికూర ఎందుకు వేయలేదని అడిగారు, వేసిన రోజు ఉత్త పప్పు ఎందుకు చేయలేదని అడిగారు. ఆ మూడు మాటలు మాత్రం ఎన్నడూ వినలేదు. వినలేదన్న సంగతి కూడా ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

ఓడలో మెనూలో లేనిది అడగొచ్చని నాకు తెలియదు. మా కోడలే చెప్పింది. పెద్ద ఓడల్లో భోజనశాలకు రోజుకో మెనూ ముందే రాసి ఉంటుంది. ఒక్కో పూట రెండు బంతుల్లో వేలమందికి వడ్డిస్తారు. అయినా మనలాంటి శాకాహారులకు, ఉల్లి వెల్లుల్లి తినని జైనులకు విడిగా చేసిపెట్టే అలవాటు చాలా ఓడల్లో ఉంది. మామూలుగా దానికి వేరే డబ్బు కూడా తీసుకోరు. వంటవాళ్ళలో మన దేశం వాళ్ళు ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. పద్ధతి ఒకటే, రేపటికి కావలసింది ఇవాళ చెప్పాలి. హెడ్ వెయిటర్ రాసుకొనిపోతాడు, లోపల వంటాయన సరుకు చూసుకుంటాడు, పప్పు నానబెట్టుకుంటాడు. సరుకు చాలావరకు ఓడ బయలుదేరిన రేవులోనే ఎక్కించుకుంటారు. నడిసముద్రంలో కిరాణా కొట్టు ఉండదు కదా. పల్లీలు పడని వాళ్ళు, షుగరు వాళ్ళు అయితే టికెట్ కొన్నప్పుడే చెప్పి పెట్టుకోవాలి. అది సరదా కోరిక కాదు, ఆరోగ్యం. ఓడవాళ్ళు కూడా దాన్ని వేరుగానే చూస్తారు.

మేం నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళం కలిసి వెళ్ళాం. అందులో ఒకాయన మూడో రాత్రి బల్ల దగ్గర కూర్చున్నాక పెరుగన్నం కావాలన్నాడు. ఇప్పుడే కావాలి. ఆ కుర్ర వెయిటర్ రేపటికి చెప్పి పెడతానంటే, ఇంత డబ్బు పోస్తే గుప్పెడు అన్నం పెట్టలేరా అని గొంతు పెంచాడు. భార్య తల ఎత్తలేదు. ఆమె తల దించుకున్న తీరు చూస్తే ఇది ఓడలో మొదలైన సంగతి కాదని తెలుస్తూనే ఉంది. ఇంకొక వదినగారు దీనికి పూర్తిగా తిరగేసి. నాలుగు రోజులు రొట్టెముక్కలు, దోసకాయ ముక్కలు తిని గడిపింది. "అడిగితే ఏమనుకుంటారో వదినా, పరువు పోదూ?" అంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళకు పద్నాలుగు రకాలు వండే మనిషి!

నా మాట ఇది. ఓడలో పప్పు అడగడం తప్పు కాదు, పరువుతక్కువ అసలే కాదు. అట్లని బల్ల మీద చెయ్యి కొట్టి అడిగితే అది పప్పు కోసం అడిగినట్టు కాదు, ఎదుటివాడు నౌకరని గుర్తుచేసినట్టు. ముందు రోజు చెప్పి, వండినవాడికి వీలుందా అని అడిగి, తిన్నాక బాగుందని కబురు పంపేవాళ్ళకు ఏ దేశపు వంటాయనైనా ఆనందంగా చేసిపెడతాడు. మా సారుకు ఇదంతా తెలుసు. ఎవరూ నేర్పకుండానే తెలుసు. నాకు కోపం వచ్చింది అక్కడే. తెలియని మనిషైతే నేర్పేదాన్ని.

ఆ కోపంలో ఉండగానే హెడ్ వెయిటర్ నా వైపు తిరిగి, మరి మీకేం కావాలమ్మా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా సారు జవాబిచ్చేశారు, ఆమెకు ఏదైనా పరవాలేదని. అబద్ధం కాదు. ముప్పై ఆరేళ్ళుగా నేను అందరూ తిన్నాక మిగిలింది తిన్నాను, మిగలకపోతే తొక్కు కలుపుకున్నాను. ఆయన కళ్ళముందు జరిగిందే ఆయన చెప్పారు. కానీ ఆ వెయిటర్ పెన్ను పట్టుకొని అట్లనే నిలబడ్డాడు, ఆయన మాట రాసుకోలేదు. నా ముఖమే చూస్తున్నాడు. ఏం కావాలో నాకు వెంటనే తోచలేదు. ఇంట్లో ఎవరికేం కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నాకేం కావాలంటే వెతుక్కోవలసి వచ్చింది.

పచ్చిపులుసు అన్నాను.

బల్ల చుట్టూ నవ్వారు. ఆయన నవ్వలేదు, ఎట్లా చేస్తారో రాసిమ్మన్నాడు. కోడలు ఇంగ్లీషులో రాసింది. చింతపండు పిసికిన రసం, పచ్చి ఉల్లిగడ్డ, మిరపకాయ, జీలకర్ర, వేయించిన నువ్వుల పొడి, చిటికెడు బెల్లం. పొయ్యి మీద పెట్టే పని లేదని కూడా రాయించాను. మరుసటి రాత్రి తెల్ల గిన్నెలో వచ్చింది, పొగలు కక్కుతూ. కాచి తెచ్చారు! ఉత్తరాది వంటాయన, పులుసును పచ్చిగా పంపడానికి మనసొప్పి ఉండదు పాపం. నేను గిన్నె అడుగుదాకా తాగాను. రుచి సంగతి అడగకండి. నా కోసమని, నేను అడిగానని, నేను తప్ప ఇంకెవరూ తినని ఒక వంటకం నా ముందుకు రావడం ఎన్నేళ్ళకో. పుట్టింట్లో బాలింతగా ఉన్నప్పుడు వచ్చి ఉంటుంది.

ఇది చెప్తే మా బావగారు ఫోనులో ఒక్కటే మాట అన్నారు. "మనది కరువు జిల్లా. మన తాతలు గంజి తాగి బతికిండ్రు. పాలమూరు లేబరంటే దేశమంతా ప్రాజెక్టులు కట్టినోళ్ళు, ఏం పెడితే అది తిన్నరు. మీకు ఓడల పులుసు కావాల్నా?" నిజమే బావగారూ, గంజి తాగారు. ఆ గంజి ఎవరు కాచారు, ఎవరు చివర తాగారు? కరువులో కూడా మగవాళ్ళ ముంతలోకి మెతుకులు, ఆడవాళ్ళ ముంతలోకి వార్పు నీళ్ళు వెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు, మీకూ తెలుసు. సర్దుకుపోవడం గొప్ప గుణమే. అది ఇంట్లో ఒక్కరి వంతే ఎందుకైందో చెప్పండి చాలు.

ఇంకొందరు ఆడవాళ్ళే అంటారు, అమ్మ వంటను ఓడ వంటతో పోలుస్తావా, ఇది ప్రేమ కదా అని. పోలుస్తాను. ఓడలో వంటాయన ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద వస్తాడు, అయిపోగానే ఇంటికి పోయి కాళ్ళు చాపుకుంటాడు. 2006లో ఓడల్లో పనిచేసే వాళ్ళ కోసం ఒక అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండేలా చూడాలి. ఆ పని తేలికని నేననడం లేదు, వాళ్ళకు వారాంతపు సెలవు కూడా ఉండదట. అయినా వాళ్ళ అలసటకు ఒక లెక్క రాసిపెట్టారు. మన దేశంలో ప్రభుత్వమే 2019లో ఎవరి రోజు ఎట్లా గడుస్తుందో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెట్టారు. చేసే మగవాళ్ళు అన్నాను, గమనించండి. నలుగురిలో ముగ్గురు మగవాళ్ళు అసలు ఆ పని జోలికే పోలేదని కూడా ఆ సర్వేలోనే ఉంది.

ఇక మా ఇంటి సంగతి. మా వంటింట్లో మెనూ లేదు, అందుకే మెనూలో లేనిదంటూ ఏదీ లేదు. అత్తమ్మకు జొన్న రొట్టె, సారుకు చపాతీ, చిన్నోడికి అన్నం. రాత్రి ఎనిమిదిన్నరకు స్టవ్వు తుడిచి గుడ్డ ఆరేసి వచ్చాక, "రెండు గుడ్లు కొట్టి ఇయ్యవా అమ్మా" అంటాడు చిన్నోడు. ఆ రెండు గుడ్లకు ఐదు నిమిషాలే పడుతుందంటారు. పెనం, ఉల్లిగడ్డ, గిన్నె, మళ్ళీ తుడుపు ఆ ఐదు నిమిషాల్లో రావు. ఇంతలో సారుకు ఆ వాసన తగులుతుంది. "నాకూ ఒకటి."

తప్పంతా వాళ్ళదంటే నేను అబద్ధమాడినట్టే. నేర్పింది మనమే. ఏం చేయమంటావు బిడ్డా అని గంటకోసారి అడిగింది నేనే. అది నా పెద్దరికం అనుకున్నాను. ఇంకొక సంగతి రాయకూడదనుకున్నాను కానీ రాస్తాను. ఓడ ఎక్కడానికి వారం ముందు సియాటిల్‌లో ఒక రాత్రి, కోడలు ఆఫీసు నుంచి వచ్చి లాప్‌టాప్ ఇంకా భుజానే ఉండగా, "ఇవాళ అన్నం పోదనిపిస్తుంది, రెండు రొట్టెలు చేస్తావామ్మా" అని అడిగాను. ఆ పిల్ల సరే అత్తమ్మా అని చేసింది. నేను సోఫాలో కూర్చొని తిన్నాను. ఓడలో మా సారు మీద కోపం వచ్చిన రాత్రి నాకు ఆ రొట్టెలే గుర్తొచ్చాయి. మరుసటి పొద్దున ఆమెకు చెప్పాను. "అయ్యో, అది నాకు గుర్తే లేదు అత్తమ్మా" అంది. గుర్తు లేకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. రోజూ జరిగేది ఎవరికి గుర్తుంటుంది?

అందుకని ఊరికి రాగానే ఓడ పద్ధతి మా ఇంట్లో పెట్టాను. రేపు పొద్దునా రాత్రీ ఏం వండాలో ఇవాళ రాత్రి తొమ్మిదిలోపు చెప్పాలి. వీలుందా అని అడగాలి. చెప్పకపోతే నాకు తోచింది వండుతాను, అది అందరూ తినాలి. వంట గుడ్డ ఆరేశాక ఆకలైతే స్టవ్వు ఎట్లా వెలిగించాలో చూపిస్తాను, అందరికీ చేతులున్నాయి. రోగం వచ్చినవాళ్ళకు ఈ షరతులు లేవు. ముసలివాళ్ళకూ లేవు. తిన్న పళ్ళెం ఎవరిది వాళ్ళు కడగాలన్నది కూడా రాద్దామనుకున్నాను, అన్నీ ఒకేసారి వద్దని ఆపాను.

మొదటి మూడు రోజులు మా సారు అలిగారు. "ఇది ఇల్లా, హోటలా?" అన్నారు. హోటలైతే ఎప్పుడో మూసేసి పోయేదాన్ని అన్నాను. చిన్నోడు ఒక రాత్రి గుడ్లు తనే కొట్టుకున్నాడు, పెంకు ముక్కలు పంటి కింద పడుతుంటే నమిలి తిన్నాడు, నేను లేవలేదు. లేవకుండా మంచం పట్టుకొని పడుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

నేను ఊహించనిది అత్తమ్మ. ఎనభై దాటిన మనిషి, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏం పెడితే అది తిన్నది. ఆమెకు జొన్న రొట్టె ఇష్టమని మేమే అనుకున్నాం. నాలుగో రాత్రి ఎనిమిదింటికి నన్ను మంచం దగ్గరకు పిలిచి చెయ్యి పట్టుకుంది.

"తొమ్మిది కాలేదు గదా పిల్లా? రేపటికి నాకు గట్క పోస్తవా? మజ్జిగ పోసుకొని తినాలని ఉన్నది. శాన ఏండ్లాయె."

ఎన్నేళ్ళ నుంచి తినాలనుందో అడిగితే, మామగారికి గట్క నచ్చదని మానేసిందట. ఆయన పోయి పదకొండేళ్ళు. ఆ రాత్రే జొన్నలు చెరిగి పెట్టుకున్నాను, పొద్దున్నే గిర్నీకి పంపి రవ్వ పట్టించాను.

ఇది రాస్తుంటే ఎనిమిదీ నలభై అయింది. మా సారు పేపరు అడ్డం పెట్టుకొని కూర్చున్నారు, రేపటికి ఇంకా ఏమీ చెప్పలేదు. తొమ్మిది దాటితే బీరకాయే. ఆయనకు బీరకాయ అస్సలు పడదు.