ముందు పన్ను పెచ్చు ఊడితే...

మన ఇళ్ళల్లో మిక్సీ జార్ మూత పగిలితే వారం తిరక్కుండా కొత్తది వస్తుంది. కుక్కర్ గాస్కెట్ వదులైతే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు బజారుకి పరిగెడతారు. అదే ఇల్లాలి ముందు పన్ను కొస విరిగితే మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. "నొప్పి లేదుగా, ఈ వయసులో నాకెందుకీ సోకులు" అని ఆవిడే అనేస్తుంది. ఫొటో తీసేటప్పుడు మాత్రం పెదవులు బిగించి నిలబడుతుంది. నవ్వొస్తే కొంగో, చెయ్యో అడ్డం వచ్చేస్తుంది.

మా పిన్ని అలాంటి మనిషే. చెరకు ముక్క కొరుకుతుంటే పన్ను విరిగింది. ఆ పంటితో పదిహేనేళ్ళు గడిపింది. ఆవిడ నోరారా నవ్వితే ఎలా ఉంటుందో మనవలు చూడనే లేదు. "నవ్వు నాలుగు విధాల చేటు" అని మనకి ఎటూ నేర్పారు. దానికి విరిగిన పన్ను కూడా తోడైతే ఇక ఆ నవ్వు బయటికి రాదు. దీన్ని సోకు అనడం నాకు నచ్చదు. మనిషి నలుగురిలో కలవడానికి అడ్డం వచ్చేదాన్ని బాగు చేసుకోవడం సోకు ఎలా అవుతుంది?

పెచ్చు చిన్నదైతే వైద్యమూ చిన్నదే. దాన్ని బాండింగ్ అంటారు. పంటి పై పొరకి ఒక ఆమ్లపు జెల్ కాసేపు పూసి కడిగేస్తారు. దాంతో అక్కడ కంటికి కనపడని గరుకుదనం వస్తుంది. ప్లాస్టరింగ్ పట్టాలని మేస్త్రి కాంక్రీటు మీద గాట్లు పెడతాడే, అలాగన్నమాట. తర్వాత అంటుకునే ద్రవం రాసి, పంటి రంగుకి సరిపోయే కాంపోజిట్ ముద్దని పొరలు పొరలుగా పేర్చి, నీలం రంగు లైటుతో గట్టిపరుస్తారు. చివరికి అరగదీసి నునుపు చేస్తారు. ఇలా ఆమ్లం పూస్తే రెసిన్ పంటిని బాగా పట్టుకుంటుందని మైఖేల్ బువొనొకోర్ అనే దంతవైద్యుడు 1955లోనే చూపించాడు. ఒక పంటికి అరగంట నుంచి గంట పడుతుంది. చిన్న పెచ్చుకి చాలాసార్లు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు.

మా చెల్లెలి కూతురు స్కూటీ మీంచి పడి ముందు పన్ను మూల విరగ్గొట్టుకుంది. రెండేళ్ళు ఆ పిల్ల అద్దం ముందు బాధపడుతున్నా ఎవరికీ తొందర లేదు. సంబంధం వచ్చిన రెండో రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పన్ను పిల్లదా, పెళ్ళివారిదా? నాకు అన్నిటికంటే కష్టం కలిగించేది ఇదే.

అక్కడ "రెండు పళ్ళకీ క్యాప్ వేసేద్దాం, సమానంగా ఉంటాయి" అన్నారట. క్యాప్ కోసం పన్నుని చుట్టూ అరగదీయాలి. అలా పోయిన పై పొర మళ్ళీ పెరగదు. మూల విరిగిన పంటి కోసం బాగున్న పంటినీ అరగదీయడమెందుకని మా చెల్లెలు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఒక్క పూటలో బాండింగ్ చేసి పంపారు. క్యాప్ చెడ్డదని కాదు. పన్ను సగానికి పైగా విరిగినా, రూట్ కెనాల్ అయి బలహీనపడినా అదే మేలు కావచ్చు. "బాండింగ్ సరిపోదా, ఎందుకని?" అని మాత్రం తప్పకుండా అడగాలి. విరిగిన చోట ఎర్రటి చుక్క కనపడినా, నొప్పి పుట్టినా ఆ రోజే వెళ్ళాలి. పిల్లల పన్ను విరిగితే ఆ ముక్కని పాలల్లో వేసి వెంట తీసుకెళ్ళండి. ఒక్కోసారి దాన్నే తిరిగి అతికించగలరు.

బాండింగ్ శాశ్వతం కాదు. జాగ్రత్తగా ఉంటే అయిదు నుంచి పదేళ్ళు రావచ్చు, ముందే కాస్త ఊడనూ వచ్చు. టీ, కాఫీ, పసుపు రంగు పడుతుంది. పళ్ళు తెల్లబరిచే మందు కాంపోజిట్ మీద పనిచేయదు కాబట్టి, ఆ ఆలోచన ఉంటే బాండింగ్‌కి ముందే చేయించుకోవాలి. పళ్ళతో దారం తెంపడం, పాల ప్యాకెట్ చించడం, పిన్నీసు విప్పడం మానాలి. గట్టి జంతికలు ముందు పళ్ళతో కొరకొద్దు, విరుచుకుని తినండి.

ఖర్చుకి భయపడేవాళ్ళు హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడిగి చూడండి. ఎక్కడ చేయించుకున్నా, ఎన్ని పళ్ళకి, ఎంత అవుతుందో ముందే చెప్పించుకోండి.

ఇంట్లో అందరి అవసరాలూ తీరాక మిగిలిన డబ్బుతో చేయించుకుందామంటే అది ఎప్పటికీ మిగలదు. పాలు, కరెంటు, స్కూలు ఫీజు రాసుకునే ఆ చీటీలోనే ఈ నెల ఒక పద్దు మీ పేరున కూడా రాయండి.