చెల్లె ఉద్యోగం – ల్యాబ్ బయట పెట్టిన కులం

"మీ చెల్లెకు సైన్స్ సంస్థల జాబ్ వచ్చిందట గదన్నా, ఇంక వివక్ష ఎక్కడున్నది?" అని ఇన్‌బాక్స్‌ల అడిగిన తమ్ముళ్లకు ఒక్కొక్కరికి రాసే ఓపిక లేదు. అందరికీ ఇక్కడే చెప్తున్న.

వచ్చింది నిజమే. జీవశాస్త్రం, కెమిస్ట్రీ, కంప్యూటర్లు కలిపి పనిచేసే ఒక పరిశోధన సంస్థ. పేరు చెప్పను, ఆమె అక్కడ బతకాలె. పొద్దున ఆరున్నరకు పెద్ద అంబర్‌పేట్‌ల బస్సెక్కి, ఎల్బీ నగర్‌ల మెట్రో పట్టుకుంటది. హయత్‌నగర్ అడ్డా మీద కూలికి నిలబడ్డ సుతారి మేస్త్రి బిడ్డ ల్యాబ్ కోటు తొడిగింది. అవ్వ వాడకట్టంతా లడ్డూలు పంచింది. సంబురం సంబురమే, లెక్క లెక్కే.

అది ప్రాజెక్ట్ పోస్టు. ఏడాది కాంట్రాక్టు, తర్వాత పెద్దసారు దయ. 45 రోజులు, ఆపైన సాగే తాత్కాలిక నియామకాలల్ల కూడా రిజర్వేషన్ పాటించాలని కేంద్రం 1968లనే ఆదేశమిచ్చింది. ఈ ప్రకటనల దాని ఊసే లేదు. అడిగితే "ఇది పోస్టు కాదు, ప్రాజెక్టు" అంటరు. సరే, పై మెట్లకు పోదామంటే అక్కడ 1975 నాటి ఉత్తర్వు కూసున్నది: పరిశోధన చేసే, నడిపించే సైంటిఫిక్ పోస్టులు గ్రూప్-ఏ అట్టడుగు మెట్టు దాటితే రిజర్వేషన్ నుంచి మినహాయించుకోవచ్చట. కింద ప్రాజెక్టని లేదు, పైన సైన్సని లేదు.

చేరిన వారానికే క్యాంటీన్ల ఒకాయన ఇంటిపేరు అడిగి, అది చాలక "నెట్ ఏ కేటగిరీల?" అన్నడట. "జనరల్ కటాఫ్ దాటిన సర్" అన్నది మా చెల్లె. ఇంట్ల అందరు మెచ్చుకున్నరు. నాకు ఆ జవాబు నచ్చలేదు. ఎస్సీ కేటగిరీల వచ్చినా గంతే గట్టిగ చెప్పాలె. అది హక్కు, సంజాయిషీ కాదు.

నేను చదివింది తెలుగు సాహిత్యం, డీఎన్ఏ సంగతి చెల్లె చెప్తేనే తెల్సింది. కానీ ఇది తెల్సినంక కోపం ఆగుతలేదు. హబ్సిగూడలున్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌ల డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009ల 'నేచర్' పత్రికల ఒక పరిశోధన అచ్చేసిన్రు. ఈ దేశంల దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయికే. 2013ల ఇంకో పరిశోధన ఆ కలయిక కాలం లెక్కగట్టింది: సుమారు 4,200 నుంచి 1,900 ఏండ్ల కింద దాకా జనం కలిసిన్రు. తర్వాత కలుసుడు ఆగింది. సొంత కులంల పెండ్లిళ్లు గట్టిపడ్డయి. వైశ్యులల్ల కొందరికి ఆపరేషన్ అప్పుడు కండరాలు సడలించే మందు ఇస్తే దాని ప్రభావం తొందరగ దిగదు, ఆ మందును కరిగించే ఎంజైమ్ లోపం వాళ్లల్ల ఎక్కువ. శతాబ్దాల కులం లోపలి పెండ్లిళ్లు రక్తంల రాసిన రాత అది.

25 ఏండ్ల అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియాల చదివిన వ్యాసంల ఇదే చెప్పిండు: కులానికి ఆయువుపట్టు సొంత కులంల పెండ్లి. ఆయన దగ్గర సీక్వెన్సింగ్ మిషన్ లేదు. మనోళ్లల్ల కొందరు ఈ డీఎన్ఏ పట్టుకొని "మేము వేరే జాతి" అని ఊగిపోతున్నరు, వాళ్లకూ చెప్తున్న. కులం జాతి కాదని 1936ల బాబాసాహెబే వాదించిండు. ఆ పరిశోధన చెప్పేదీ అదే, కలిసినోళ్లను విడదీసిన్రని.

కులాన్ని సూక్ష్మంగ కొలిచిన శాస్త్రం ఇది. ఆ శాస్త్రం నడిపేటోళ్లు మాత్రం నియామకాల కాడికొచ్చేసరికి "సైన్స్‌ల కులమెక్కడిది?" అంటరు. మా రక్తం శాంపిల్‌కు పనికొస్తది, రోస్టర్‌కు పనికిరాదా?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లల్ల గ్రూప్-2 చదువుతున్న బయోటెక్నాలజీ పిల్లలారా, ల్యాబులు ఇడిసిపెట్టకున్రి. ఒక పని చెయ్యిన్రి. కేంద్రం నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టున్రి. పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్ల జవాబియ్యాలె. గత ఐదేండ్లల్ల ప్రాజెక్ట్ సిబ్బంది ఎందరు, అండ్ల ఎస్సీ, ఎస్టీలు ఎందరు, ఎందరికి కాంట్రాక్టు పొడిగించిన్రు? నమూనా దరఖాస్తు వచ్చే భాగంల పెడ్త. జై భీమ్.