తీసుకున్నవాళ్లే తిరిగివ్వాలి

సైట్ పడిపోయింది, రీస్టార్ట్ కొట్టాం, లేచింది. దాంతో గండం గడిచిందనుకునే కుర్ర డెవలపర్లూ, ఈ మాట మీకోసమే. రీస్టార్ట్‌తో లేచిందంటే జబ్బు తగ్గలేదు, మళ్లీ మొదటి రోజు నుంచి ముదరడం మొదలుపెట్టింది.

అమీర్‌పేటలో కోర్సు కట్టినా, కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నా, యూట్యూబ్ చూసి కుస్తీ పట్టినా జావాలో డేటాబేస్ తొలి పాఠం ఒకటే. డ్రైవర్ మేనేజర్‌ని అడిగి కనెక్షన్ తెచ్చుకో, క్వెరీ పంపు, ఫలితాన్ని తెరమీదికి రప్పించు. ల్యాప్‌టాప్‌లో వాడేది మీరొక్కరే కాబట్టి బ్రహ్మాండంగా నడుస్తుంది. అదే కోడ్‌ని పరీక్షా ఫలితాల రోజున, ఊళ్లోని పిల్లలందరూ ఒకేసారి హాల్‌టికెట్ నంబర్ కొట్టే పేజీ వెనక పెట్టి చూడండి!

కనెక్షన్ ఊరికే పుట్టుకొచ్చే ఆబ్జెక్ట్ కాదు. దాని వెనక నెట్‌వర్క్ హ్యాండ్‌షేక్ ఉంది, పాస్‌వర్డ్ తనిఖీ ఉంది, అవతలి సర్వర్‌లో దానికంటూ కాస్త మెమరీ ఉంది. పోస్ట్‌గ్రెస్ అయితే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్‌నే కేటాయిస్తుంది. అందుకే లెక్క పెట్టి ఇస్తారు. మనం ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే మైఎస్‌క్యూఎల్‌లో 151, పోస్ట్‌గ్రెస్‌లో 100. తెరిచిన కనెక్షన్లను మూయకుండా ఉంచి మళ్లీ మళ్లీ వాడుకునే పూల్ పుట్టింది ఈ ఖర్చు, ఈ లెక్క వల్లే. ఇంట్లో శుభకార్యం ఉందని ఎవరూ కొత్త గుండిగలు పోత పోయించరు, టెంట్ హౌస్ నుంచి తెచ్చుకుని, వంటయ్యాక పంపేస్తారు. పూల్‌లోంచి తీసుకున్న కనెక్షన్ మీద క్లోజ్ పిలిస్తే అది తెగిపోదు, పూల్‌లోకి తిరిగి వెళ్తుంది, అంతే.

ఆ క్లోజ్ దగ్గరే కొంప మునుగుతుంది. మెథడ్ మొదట్లో కనెక్షన్ తీసుకున్నారు, చివర్లో క్లోజ్ రాశారు. మధ్యలో క్వెరీ ఎక్సెప్షన్ విసిరింది. చివరి వరుస దాకా కోడ్ రానేలేదు, కనెక్షన్ పూల్‌లోకి తిరిగి వెళ్లలేదు. ఇదే లీక్. ఇలా ఒక్కొక్కటే పోయి పూల్ ఖాళీ అయితే సైట్ పడిపోతుంది, రీస్టార్ట్ కొడితే పూల్ మళ్లీ నిండుతుంది, అంతే. గార్బేజ్ కలెక్టర్ చూసుకుంటుందిలే అనకండి, దాని గోల మెమరీ గురించి, మీ పూల్ గురించి కాదు. 2011లో జావా 7తో పాటే ట్రై విత్ రిసోర్సెస్ వచ్చింది. ట్రై బ్రాకెట్లలో కనెక్షన్ తీసుకుంటే, లోపల ఏం పేలినా అది తిరిగి వెళ్లిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని వాడకపోవడం బద్ధకమే, ఇంకో పేరు లేదు.

మరికొందరికి సింగిల్‌టన్ మోజు. అప్లికేషన్ మొత్తానికీ ఒకే కనెక్షన్, పొదుపు కదా అంటారు. ఒక థ్రెడ్‌లో ఎవరో డబ్బు బదిలీ చేస్తున్నారు, ఇంకా కమిట్ కాలేదు. అదే కనెక్షన్ మీద ఇంకో థ్రెడ్ తన తప్పుకి రోల్‌బ్యాక్ కొట్టింది. ఆ బదిలీ కూడా గంగలో కలిసింది. ఒక్కటే ఉండాల్సింది పూల్, కనెక్షన్ కాదు. పూల్ నుంచి కనెక్షన్లు అందించే డేటా సోర్స్‌ని కన్‌స్ట్రక్టర్ ద్వారా క్లాస్‌కి అందించండి. ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ముగియాలో సర్వీస్ తేల్చాలి. ప్రతి క్లాసూ తనకు తానే పాస్‌వర్డ్ పట్టుకుని డేటాబేస్ తలుపు తట్టే డిజైన్‌ని మీ చేతులతో మీరే చెరిపేయండి.

కనెక్షన్లు చాలడం లేదని పూల్ సైజు పెంచేయమనే సీనియర్ ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. గౌరవంగానే లెక్క అడగండి. హికారీ అనే జావా పూల్ లైబ్రరీలో సైజు మామూలుగా 10. అప్లికేషన్ కాపీలు 12 నడిపితే 120. పోస్ట్‌గ్రెస్ ఇచ్చేది 100. ట్రాఫిక్ చుక్క లేకపోయినా పూల్ ఆ పదీ ముందే తెరిచి పెట్టుకుంటుంది కాబట్టి, చివర్లో లేచిన కాపీలు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఇవన్నీ నా మాట మీద నమ్మొద్దు. ఈ రాత్రే మీ ల్యాప్‌టాప్‌లో హికారీ పూల్ సైజు 2 పెట్టండి. డేటా సోర్స్ నుంచి నేరుగా కనెక్షన్ తీసుకుని, కావాలనే క్లోజ్ తీసేసి, పేజీని మూడుసార్లు తెరవండి. మూడోసారి 30 సెకన్లు బిక్కమొహం వేసుకుని చూసి, కనెక్షన్ దొరకలేదని ఎక్సెప్షన్ ఇస్తుంది. ఆ సమయంలోనే మైఎస్‌క్యూఎల్‌లో షో ప్రాసెస్‌లిస్ట్ కొట్టండి. మీ రెండు కనెక్షన్లూ స్లీప్ అని, పక్కన సెకన్లు పెంచుకుంటూ పడుకుని ఉంటాయి. తర్వాత లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ని 2000 మిల్లీసెకన్లు చేసి మళ్లీ నడపండి. కనెక్షన్ పట్టుకుపోయింది ఏ క్లాసో, ఏ మెథడో, ఎన్నో వరుసో లాగ్‌లో వచ్చేస్తుంది. రేపు ఆఫీసుకెళ్లి టెస్ట్ సర్వర్‌లో కూడా అదే పెట్టండి.