ఉప్పడిగితే చక్కెర

మా పెద్ద మనవరాలు మనీలాలో డాక్టరు చదువు చదువుతోందని ఈ శీర్షికలో ఇదివరకు రాశాను. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో చేరింది. "ఇంటికొచ్చి ఇక్కడే చేయకూడదా?" అని చాలామంది అడిగారు. కుదరదట. జాతీయ వైద్య కమిషన్ 2021లో పెట్టిన నిబంధన ప్రకారం, చదివిన విదేశీ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ ముగించాలి. ఆ పైన ఇక్కడ మరో 12 నెలలు. కనుక ఓర్చుకోక తప్పదు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రాత్రి భోజనాలై, నేను ఫోన్ చేసేసరికి దానికి అర్ధరాత్రి. అన్నానికి బెంగ లేదు, వాళ్ళూ మూడు పూటలా అన్నమే తింటారు. 'సినిగాంగ్' అని చింతపండు పులుసు ఉందంటే సంబరపడ్డాను. తీరా అందులో పంది మాంసమో రొయ్యలో వేస్తారట! మునగాకు మాత్రం బాగా దొరుకుతుంది. పప్పులో వేసుకుంటోంది. తుఫాను వచ్చి వీధులు మునిగినా డ్యూటీ ఆగదు.

అన్నిటికన్నా కష్టం మాటతోనే వచ్చింది. పాఠాలు ఇంగ్లీషులో, రోగుల మాట టగాలోగ్‌లో. మొన్న ఒక ముసలాయనను "నొప్పి ఉందా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన నవ్వి "ఓకే లంగ్, డాక్" అన్నాడు. పరవాలేదని అర్థం. ఇది నొప్పి లేదని రాసేసుకుంది. కాసేపటికి నర్సు వచ్చి, "సాన్ పో మసకిత్?" (ఎక్కడండీ నొప్పి?) అనగానే ఆయన కడుపు పట్టుకుని మొహం చిట్లించాడు.

"ఆ నర్సు అడగకపోతే ఏమయ్యేది అమ్మమ్మా? నేను వచ్చేస్తాను" అని ఒకటే ఏడుపు.

అప్పుడు నా కథ చెప్పాను. 1974లో కరీంనగర్ నుంచి షోలాపూర్‌కు కొత్తకోడలిగా వచ్చాను. పక్కింటావిడ 'మీఠ్' అడిగింది. నాకొచ్చిన నాలుగు ముక్కల హిందీతో 'మీఠా' అనుకుని గిన్నెడు చక్కెర ఇచ్చాను. కంగారులో ఆవిడ అదే పప్పులో వేసింది! మరాఠీలో మీఠ్ అంటే ఉప్పు. ఆవిడ తిట్టలేదు. మా వంటింట్లోకి వచ్చి ఒక్కొక్క డబ్బా చూపించి పేర్లు చెప్పింది. ఆవిడే నాకు మరాఠీ గురువు.

"నా తప్పుకు పోయింది గిన్నెడు పప్పే తల్లీ. నీ పని అలాంటిది కాదు. ఆ నర్సునే అడిగి నేర్చుకో" అన్నాను.

ఇప్పుడు ఆ నర్సును 'ఆతే' అని పిలుస్తోంది. మన 'అక్కా' అన్నమాట. రోజుకు పది మాటలు తెలుగు లిపిలో రాసుకుంటోంది. మన 'పో' వెళ్ళగొట్టేది, వాళ్ళ 'పో' మన 'అండీ' లాంటిదట! జీప్నీ ఎక్కితే "బయద్ పో" అంటూ చార్జీ అందిస్తుంది, "పారా పో" అంటూ బండి ఆపిస్తుంది. పోయిన వారం ఒక అవ్వ దీని ఉచ్చారణకు నవ్వి, సరిదిద్ది, తన బాధంతా చెప్పుకుందట.

పిల్లలను పంపే తల్లులారా! పెట్టెలో పచ్చడి సీసాతో పాటు అక్కడి మాటలు ఓ ఇరవై కూడా కట్టి పంపండి. పరాయి భాషల మధ్య కాపురాలు చేసిన మనకు ఇది ఒకరు చెప్పాలా?