నొక్కినవాడిదే తప్పా?

మా బడి కంప్యూటర్ గదిలో గోడమీద ఒక అట్ట వేలాడుతుంది. "తెలియని మెయిల్ తెరవకూడదు, తెలియని లింకు నొక్కకూడదు" అని దానిమీద రాసి ఉంది. మంచి మాటే, కాదనను. కానీ ఏ కంప్యూటర్ పాడైనా పెద్దలు మొదట అడిగేది "ఎవర్రా నొక్కింది?" అనే. ఇంట్లోనైనా అంతే, అంగట్లోనైనా అంతే. పిల్లలం తల వంచుకొని నిలబడాల. ఈ అలవాటు తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

2017 మే 12, శుక్రవారం. అప్పుడు నాకు ఏడేళ్లు. ఆ రోజు వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. కొన్ని రోజుల్లోనే దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. తాళం తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెరమీద ఎర్ర పెట్టె వచ్చింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపినాయి. మన తెలుగు నేలమీద చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు 102 దెబ్బ తిన్నాయని అప్పటి పత్రికలు రాసినాయి. తిరుమల దేవస్థానం కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి.

ఆ పోలీసుల్లో ఎవరు నొక్కినారు? ఎవరూ నొక్కాల్సిన పనే లేదు! ఈ పురుగు మెయిల్ కోసం కాచుకొని కూర్చోలేదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకొకదానికి తానే పాకింది.

ఎట్లా పాకిందో చెప్తాను. ఒక ఆఫీసులో కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఎస్‌ఎంబీ అనే ఏర్పాటు ఉంది. దాని పాత వెర్షన్‌లో లెక్క తప్పు ఒకటి దాక్కొని ఉండింది. మండీలో గుమాస్తాను అనుకోండి. పుస్తకంలో 10,000 గింజలు అని ఉంది. సరిచూస్తే 9,950 మాత్రమే మంచివి. గుమాస్తా 9,950 పట్టే సంచి తెప్పించినాడు. పుస్తకంలో మాత్రం చివరి నాలుగు అంకెలే దిద్ది, ముందున్న 1ని అట్లానే వదిలేసినాడు. ఇప్పుడు పుస్తకం 19,950 అంటుంది! కూలివాడు పుస్తకం చూసి పోస్తాడు. సంచి నిండి, పక్కవాడి సంచిలోకి పొర్లుతుంది. కంప్యూటర్‌లో ఆ పక్క సంచి అంటే మెమరీలో వేరే పనికి పెట్టుకున్న చోటు. పొర్లిన గింజల్లో దొంగ తన ఆజ్ఞలు కలిపి పంపితే, కంప్యూటర్ వాటినే తన సొంత ఆజ్ఞలనుకొని చేస్తుంది. ఒక్క అంకె దిద్దకపోయినందుకు ఇంత.

ఇప్పుడు అడుగుతాను, తప్పు ఎవరిది? అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏకు ఈ సందు ఏళ్ల తరబడి తెలుసు. మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా తన ఆయుధంగా దాచుకుంది. ఆ ఆయుధం దొంగల చేతికి పోయి 2017 ఏప్రిల్‌లో బజారులో పడింది. ప్రభుత్వాలు ఇట్లా సందులు కూడబెట్టుకోవడం తగదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ కోపంగా రాసినాడు. ఆయన మాట సరే. కానీ పాత ఎక్స్‌పీ వాడేవాళ్లలో ప్రత్యేకంగా డబ్బు కట్టినవాళ్లకే ఆ కంపెనీ మందు ముందుగా ఇచ్చింది, కట్టనివాళ్లకు ఇల్లు కాలినంక ఇచ్చింది. అదేం న్యాయం?

కంపెనీ మద్దతు ఇంకా ఉన్న విండోస్‌లకు మాత్రం మార్చి 14నే అందరికీ అప్‌డేట్ వచ్చింది. దాడికి 59 రోజుల ముందు! 59 రోజులు ఎవరూ వేసుకోని చోట, మే 12న మౌసు పట్టుకున్న గుమాస్తాను తిట్టి ఏం లాభం? ఆ కంప్యూటర్లను చూసుకోవాల్సినవాళ్లను కదా అడగాల.

"అప్‌డేట్ వేస్తే సిస్టం స్లో అవుతుంది, పాతవి పనిచేయవు" అని పెద్దలు అంటారు. ఇది వట్టి సాకు కాదు, నేను కళ్లారా చూసినాను. కారమడైలో వీధంతా అరవ బోర్డులే. మాకు తెలుగు పెళ్లిపత్రిక కావాలంటే తెలిసిన ఒక డీటీపీ అన్న దగ్గరికి పోతాము. ఆయన దగ్గర పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఒక పాత విండోస్ మిషన్‌లో ఉన్నాయి. కొత్త విండోస్ వేస్తే అవి నడుస్తాయో లేదో అని ఆయన భయం. ఇరవై ఏళ్ల పత్రికలు అందులోనే ఉన్నాయి. అంటే తెలుగు కోసమే ఆ మిషన్ పాతబడి ఉంది. ఆయన్ను సోమరి అని ఎట్లా అంటాను? కానీ అదే మిషన్ ఇంటర్నెట్‌లోనూ ఉండింది, పక్క మిషన్‌తో ఫోల్డర్ షేర్‌లోనూ ఉండింది. అది మాత్రం ఒప్పుకోను.

"అన్నా, పాతదాన్ని ఉంచుకో, దాని వైరు పీకేయి" అన్నాను. "మరి ఫైలు పక్కదానికి ఎట్లా పోవాల?" అని నవ్వినాడు. పెన్‌డ్రైవ్‌లో, స్కాన్ చేసి, అన్నాను. రెండు రోజులు గొణిగినాడు, మూడో రోజు పీకినాడు.

మా బడికీ ఒక మాట. ఆ అట్ట తీసేయమని నేను అడగను. దాని కిందనే ఇంకొక అట్ట కట్టండి సార్. ప్రతి కంప్యూటర్‌కు కడపటి అప్‌డేట్ ఏ తేదీన వేసినారో, ఎవరు వేసినారో దానిమీద రాయండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మా నాయన అడగబోయేది ఆ తేదీనే.