ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు వద్దు

సంపాదకులకు,

ఇంట్లో గేమింగ్ కంప్యూటర్ మీద మీరు వేసిన వ్యాసంలో గ్రాఫిక్స్ కార్డుకే ఎక్కువ డబ్బు కేటాయించమన్నారు. బాగుంది. కానీ క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లయి) చాలన్న మాట ఒప్పుకోలేను.

సైదాబాద్‌లో మా పక్కవాటా కుర్రాడు ఆర్‌టీఎక్స్ 4060 కొన్నాడు. అది 115 వాట్ల కార్డే. మొత్తం సిస్టమ్‌కు 550 వాట్ల సప్లయి ఉండాలని ఎన్‌విడియా చెబుతుంది. అతని ఎస్‌ఎంపీఎస్ మీద 500 అని స్టిక్కరుంది గానీ కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల వైరే లేదు! బిగించినవాళ్లు మోలెక్స్ అడాప్టర్ తగిలించి పంపేశారు. వారం తిరక్కుండానే కాలిన వాసన. విప్పి చూస్తే పసుపు వైరు తొడుగు ముడుచుకుపోయి ఉంది. నాకు ఒళ్లు మండింది. తల్లిదండ్రులు నెలనెలా వాయిదాలు కట్టి కొనిచ్చిన వస్తువండీ అది.

రంగు లైట్ల ఫ్యాన్లు మానేయండి. ప్రాసెసర్ ఆరు కోర్ల రైజెన్ 5 5600 సరిపోతుంది. మిగిలిన డబ్బుతో 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న మంచి కంపెనీ సప్లయి తీసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నాలుగు షాపులు తిరిగి అడగండి, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. ర్యామ్ కూడా 16 జీబీ ఒక్కటి కాకుండా 8 జీబీవి జతగా వేయించండి, డ్యూయల్ చానల్‌లో ఆటలు వేగంగా నడుస్తాయి.

– ఒక పాఠకుడు, సైదాబాద్, హైదరాబాద్